ఆఖరి సెకను షాట్: మానిటర్ ముందు నిలబడ్డ రెఫరీ ఏం చూడొచ్చు, ఏం చూడకూడదు?

శ్రీకర్_బాల్టిమోర్ · 24 మార్చి 2025

అందరికీ నమస్కారం. నిన్నటి మేరీలాండ్, కొలరాడో స్టేట్ కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఇక్కడ చాలామంది చూసే ఉంటారు. మా నాన్న ఒంగోలు నుంచి వచ్చి ఉన్నారు. బాస్కెట్‌బాల్ ఆయనకి కొత్త. కుర్రతనంలో వాలీబాల్ ఆడిన మనిషి కాబట్టి ఏ ఆటైనా కాళ్ళ దగ్గరే కళ్ళు పెట్టి చూస్తారు.

జేలెన్ లేక్ మూడు పాయింట్ల షాట్‌తో కొలరాడో స్టేట్ 71-70కి వెళ్ళేసరికి మా ఇంట్లో మాటల్లేవు. తర్వాత మా మేరీలాండ్ ఆటగాడు డెరిక్ క్వీన్ బంతి అందుకుని ఎడమ పక్కకి దూసుకెళ్ళాడు. వెనక్కి వాలుతూ వేసిన షాట్ బోర్డుకి తగిలి లోపల పడింది. 72-71. నేను సోఫా మీంచి లేచి అరుస్తున్నాను. నాన్న మాత్రం రీప్లే చూస్తూ "ఒక అడుగు ఎక్కువ పడిందేమోరా" అన్నారు.

నాలుగైదు సార్లు వెనక్కి తిప్పి చూశాం. నేను మేరీలాండ్ మనిషినే, అయినా నాకూ అనుమానంగానే ఉంది. అప్పుడు నాన్న అడిగారు: "టైమ్ లోపల వదిలాడా లేదా అన్నది టీవీలో చూసుకోవచ్చని నువ్వే చెప్పావు. అదే టీవీలో అడుగులు కూడా కనిపిస్తున్నాయి కదా. మరి వాటిని ఎందుకు చూడరు?"

ఏం చెప్పాలో నాకు తెలియలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి, ఆయనకి చదివి వినిపిస్తాను.

చారలచొక్కా · 24 మార్చి 2025

శ్రీకర్ గారూ, నేను ఫ్రెడరిక్ దగ్గర హైస్కూల్ మ్యాచ్‌లకి రెఫరీగా చేస్తున్నాను. ఇది పదకొండో సీజన్.

నాన్నగారి ప్రశ్నకి నేరుగా జవాబు: చూడటానికి నియమం ఒప్పుకోదు. మానిటర్ దగ్గరికి ఏయే సందర్భాల్లో వెళ్ళొచ్చో నియమాల పుస్తకంలో ఒక జాబితా ఉంటుంది. సమయం అయ్యేలోగా బంతి చేతిలోంచి వెళ్ళిందా, షాట్ రెండా మూడా, గడియారం తప్పు నడిచిందా, దెబ్బ మామూలు ఫౌల్‌ని మించిందా, ఇలాంటివి. ట్రావెలింగ్ (బంతి పట్టుకుని అడుగులు ఎక్కువ వేయడం) అందులో లేదు, డబుల్ డ్రిబుల్ (డ్రిబుల్ ఆపి బంతి పట్టుకున్నాక మళ్ళీ నేలకి కొట్టడం) లేదు. టైమ్ చూద్దామని వెళ్ళిన రెఫరీకి తెర మీద ట్రావెలింగ్ స్పష్టంగా కనిపించినా, కనిపించనట్టే వెనక్కి రావాలి.

క్వీన్ అడుగుల గురించి నా అభిప్రాయం: ఫలానా అని గట్టిగా చెప్పలేను. అంతా డ్రిబుల్ ఏ క్షణంలో ముగిసిందన్న దాని మీద ఉంటుంది. బంతి అతని అరచేతిలో ఆగిన క్షణాన ఏ కాలు నేల మీద ఉంది? ఒక ఫ్రేమ్ ముందు ఆగిందంటే ట్రావెలింగ్, ఒక ఫ్రేమ్ తర్వాత ఆగిందంటే కాదు. పైగా ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) వాళ్ళు 2017లో జీరో స్టెప్ తెచ్చారు, అంటే కదులుతూ బంతి పట్టుకున్నప్పుడు నేల మీదున్న అడుగు లెక్కలోకి రాదు. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంస్థ) పుస్తకం దారి వేరు. ఇండియాలో ఈమధ్య ఆడినవాళ్ళకి సరే అనిపించే కదలిక ఇక్కడ తప్పు కావచ్చు.

నర్సన్న_డాలస్ · 25 మార్చి 2025

అన్నా, నియమం ఒప్పుకోదంటే నియమం మార్చాలె. గంతే కదా.

నేను 2015ల మా డాలస్ కాలేజీ ఎస్‌ఎంయూ మ్యాచ్ జూసిన. అవతలి జట్టు యూసీఎల్‌ఏ పోరడు బ్రైస్ ఆల్ఫర్డ్ దూరం నుంచి త్రీ ఏసిండు. బాల్ రింగుకు దగ్గరకొస్తుంటే మా యానిక్ మోరేరా చెయ్యి పెట్టిండు. గోల్‌టెండింగ్ (కిందికి దిగుతూ రింగుల పడేటట్టున్న బాల్‌ను తాకుడు) అన్నరు, మూడు పాయింట్లు ఇచ్చిన్రు, 60-59తోని మా సీజన్ ఖతం. ఆ బాల్ రింగు తాకేదో లేదో అని ఇయ్యాల్టికి మాట్లాడుకుంటం. పది సెకండ్ల పైన టైమ్ ఉండె, మానిటర్ పక్కనే ఉండె, కానీ గప్పుడు గోల్‌టెండింగ్ మానిటర్ల జూసే రూలే లేకుండె. నాలుగేండ్ల కష్టం, ఒక్క ఈలతోని పోయింది. ఆఖరి రెండు నిమిషాల్ల అన్నీ జూడాలె. ట్రావెల్ అయినా, ఫౌల్ అయినా, ఏదైనా సరే.

రాధిక_షార్లట్స్‌విల్ · 25 మార్చి 2025

నర్సన్నగారూ, మీ బాధ నాకు అవతలి ఒడ్డు నుంచి తెలుసు. నేను వర్జీనియాలో ఎంఎస్ చేశాను. 2018లో పదహారో సీడ్ (టోర్నమెంటులో అందరికన్నా కింది ర్యాంకు) యూఎంబీసీ చేతిలో 74-54తో ఓడిపోయినప్పుడు మా డిపార్ట్‌మెంట్‌లో రెండు రోజులు ఎవరూ ఆ ఊసెత్తలేదు. అందుకే 2019 సెమీఫైనల్ మాకు మామూలు మ్యాచ్ కాదు.

ఆబర్న్ 62-60తో ముందుంది. టై జెరోమ్ డ్రిబుల్ చేస్తుంటే బంతి అతని కాలికే తగిలి జారింది. రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ డ్రిబుల్ మొదలుపెట్టాడు. డబుల్ డ్రిబులే. స్నేహితురాలి గదిలో తొమ్మిదిమందిమి ఉన్నాం. పక్కనున్న అమ్మాయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, మేమిద్దరం చూశాం కాబట్టి. ఈల పడలేదు. కాసేపటికి 0.6 సెకన్లు మిగిలి ఉండగా కైల్ గై త్రీ వేస్తుంటే సామిర్ డౌటీ మీదకొచ్చాడు, ఫౌల్. మూడు ఫ్రీ త్రోలూ పడ్డాయి. 63-62. రెండు రోజుల తర్వాత మేం ఛాంపియన్లం.

ఆ ఫౌల్ సరైనదేనని ఎన్‌సీఏఏ రెఫరీల సమన్వయకర్త జె.డి. కాలిన్స్ ఆ రాత్రే చెప్పారు. నేనూ ఒప్పుకుంటాను, దూకినవాడికి దిగే చోటు వదలాలి. కానీ ఆబర్న్ వాళ్ళ కడుపుమంట ఫౌల్ గురించి మాత్రమే కాదు. అంతకు ముందు ఊదని ఈల గురించి. ఈల ఊదిన ఫౌల్‌ని వందసార్లు చర్చించారు. ఊదని డబుల్ డ్రిబుల్‌ని ఏ మానిటర్‌లోనూ చూసే వీలు లేకపోయింది. గెలిచిన పక్షాన ఉండి చెబుతున్నాను, అది అన్యాయం.

కృష్ణారావు_పీడీ · 25 మార్చి 2025

చిరంజీవి శ్రీకర్‌కి, మిగతా మిత్రులకి. విజయవాడ దగ్గర ఒక కాలేజీలో ముప్ఫై ఏళ్ళు ఫిజికల్ డైరెక్టరుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి క్లీవ్‌లాండ్‌లో ఉంటాడు, వాడి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఈ మ్యాచ్‌లు చూస్తుంటాను.

మీరు మానిటర్ గురించి మాట్లాడుతున్నారు. మానిటరే లేని రోజుల మాట ఒకటి చెబుతాను. అంతర కళాశాలల ఫైనల్, సిమెంటు కోర్టు. నేను టైమ్‌కీపర్ని. చేతిలో స్టాప్‌వాచ్. హారను లేదు, వేపచెట్టుకి వేలాడదీసిన రైలుపట్టా ముక్కే గంట. నేను చెయ్యెత్తితే అటెండరు సుత్తితో కొట్టాలి. ఒక్క పాయింటు తేడా. ముల్లు చివరికి వచ్చింది, చెయ్యెత్తాను. ఆ క్షణంలో బంతి ఇంకా కుర్రవాడి చేతిలోనే ఉంది. సుత్తి పట్టాకి తగిలి ఖంగుమనేసరికి బంతి గాల్లో ఉంది. బుట్టలో పడింది.

రెఫరీ నా వైపు చూశాడు. నా చెయ్యి ముందా, గంట ముందా? పుస్తకం ప్రకారం శబ్దమే సమయం. గంట మోగేసరికి బంతి చేతిలో లేదు కాబట్టి లెక్కే అన్నాడు. ఓడిన జట్టు కెప్టెన్ నా దగ్గరికి వచ్చి "సార్, మీ చెయ్యి ముందే లేచింది, నేను చూశాను" అన్నాడు. ఆ కుర్రాడు చూసింది నిజం, రెఫరీ చెప్పిందీ నిజం. వాడికి నేను ఏ సమాధానమూ చెప్పలేదు. ఇప్పటికీ నా దగ్గర లేదు.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్ బాస్కెట్‌బాల్ ఫైనల్ మీకు తెలిసే ఉంటుంది. అమెరికా జట్టులో దాదాపు అందరూ కాలేజీ కుర్రాళ్ళే. డగ్ కాలిన్స్ రెండు ఫ్రీ త్రోలు వేసి 50-49 చేశాడు. తర్వాత ఆఖరి మూడు సెకన్లని మూడుసార్లు ఆడించారు. మూడోసారి అలెగ్జాండర్ బెలోవ్ బంతి వేశాడు, సోవియట్ 51-50. అప్పీలు 3-2తో కొట్టేశారు. ఆ కుర్రాళ్ళు వెండి పతకాలు తీసుకోలేదు. అక్కడ గొడవ షాట్ గురించి కాదు నాయనా, గడియారం ఎవరి చేతిలో ఉందన్న దాని గురించి.

దివాకర్_వీడియో · 26 మార్చి 2025

మాస్టారూ, మీ రైలుపట్టా గంట కథ చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. నా పని స్పోర్ట్స్ ప్రసారాల్లో వీడియో సిస్టమ్స్. మీ చెయ్యికీ గంటకీ మధ్య ఉన్న ఆ సందు ఈరోజుకీ పోలేదు, చిన్నదైంది అంతే.

గడియారం ఆపడం సంగతి చూడండి. మైక్ కాస్టబీలే అనే రెఫరీ ప్రెసిషన్ టైమ్ అనే పరికరం కనిపెట్టారు. ఈల శబ్దాన్ని రెఫరీ దగ్గరున్న మైకు పట్టుకుంటుంది, నడుముకున్న చిన్న డబ్బా సంకేతం పంపి గడియారాన్ని ఆపేస్తుంది. టేబుల్ దగ్గర మనిషి ఈల విని, వేలు కదిపి, మీట నొక్కేలోపు పోయే సెకను ముక్క ఇందులో మిగులుతుంది. కానీ గడియారం మొదలుపెట్టడానికి మాత్రం ఇంకా వేలే కావాలి. బంతి ఆటగాడిని తాకడం కంటితో చూసి ఎవరో ఒకరు నొక్కాలి. ఎంత చురుకైన మనిషికైనా అందులో 0.2 సెకన్లు పోతాయి. 0.8 సెకన్లు మిగిలిన ఆటలో అది పావు వంతు.

అలా 0.8 సెకన్లు మిగిలిన మ్యాచ్ ఒకటుంది. 2016 ఫిబ్రవరి, బాయిసీ స్టేట్, కొలరాడో స్టేట్. ఓవర్‌టైమ్ (స్కోరు సమమైతే ఆడించే అదనపు సమయం) ఆఖర్లో బాయిసీ ఆటగాడు జేమ్స్ వెబ్ పడిపోతూ ఒంటిచేత్తో విసిరిన త్రీ బోర్డుకి తగిలి పడింది. మొదట లెక్కే అన్నారు. రెఫరీలు మానిటర్ దగ్గరికెళ్ళి, రీప్లే సిస్టమ్‌లో ఉన్న స్టాప్‌వాచ్‌తో బంతి తాకినప్పటి నుంచి వదిలేదాకా కొలిచారు. 0.8 దాటిందని వచ్చింది, షాట్ కొట్టేశారు. రెండో ఓవర్‌టైమ్‌లో కొలరాడో స్టేట్ 97-93తో గెలిచింది. తర్వాత ఆ రెండు కాలేజీలూ ఆడే లీగు, మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్, ఒప్పుకున్నదేమిటంటే, రెఫరీలు పద్ధతి ప్రకారమే చేశారు, కానీ ఆ స్టాప్‌వాచ్ నడిచే వేగమూ తెర మీద వీడియో నడిచే వేగమూ ఒకటి కాదు! ఫలితం మాత్రం మారలేదు.

ఈ కేసు చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను చేసే పని అదే. వీడియో నెమ్మదిగా తిప్పినప్పుడు దాని మీద కూర్చున్న గడియారం కూడా అంతే నెమ్మదిగా నడవాలని ఎవరో ఒకరు సరిచూసుకుని ఉండాల్సింది. మైదానంలో నిలబడ్డ రెఫరీకి అది తెలిసే మార్గమే లేదు.

మానస_హార్ట్‌ఫర్డ్ · 26 మార్చి 2025

మహిళల ఆట గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. నేను యూకాన్ (కనెటికట్ యూనివర్సిటీ) మనిషిని.

2021లో బేలర్ మీద 69-67తో గెలిచాం. ఆఖరి సెకన్లలో డిజోనే క్యారింగ్టన్ షాట్‌కి లేస్తే ఇద్దరు మా అమ్మాయిలు మీదపడ్డారు, ఈల లేదు. తాకారని నాకు అప్పుడే అనిపించింది, ఫొటోల్లోనూ కనిపించింది. 2024 సెమీఫైనల్‌లో అయోవా మీద 70-69తో వెనకబడి బంతి మా చేతిలో ఉంది. 3.9 సెకన్లుండగా మా ఆలియా ఎడ్వర్డ్స్ స్క్రీన్ (డిఫెండర్ దారికి అడ్డంగా కదలకుండా నిలబడటం) కదిలిందని ఈల వేశారు. బంతి పోయింది, 71-69తో మ్యాచ్ పోయింది. మా పేజ్ బ్యూకర్స్ బయటికొచ్చి ఒక్క ఈలతో మ్యాచ్ పోలేదంది. ఆ అమ్మాయి మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

రెండిట్లోనూ నేను అడిగేది ఒకటే. ముందు ముప్ఫై తొమ్మిది నిమిషాలు ఏది ఫౌలో ఆఖరి నిమిషంలోనూ అదే ఫౌల్ కావాలి. మొదటి క్వార్టర్‌లో అలాంటి స్క్రీన్లు వదిలేసి, చివర్లో ఈల ఊదితే ఆడే అమ్మాయికి ఎక్కడ నిలబడాలో ఎలా తెలుస్తుంది? మానిటర్ కన్నా ముందు సరిచేయాల్సింది ఇది.

నర్సన్న_డాలస్ · 26 మార్చి 2025

మానసక్కా, మస్తు చెప్పినవ్. కానీ దివాకర్ అన్న చెప్పిన ముచ్చటతోని నా మాట ఇంకా గట్టిగైతది. మెషిన్ తప్పు చెప్తదని భయపడి జూసుడే మానేస్తమా?

రాధిక_షార్లట్స్‌విల్ · 27 మార్చి 2025

చూడటం ఒక్కటే సరిపోదు నర్సన్నగారూ. మళ్ళీ మా వర్జీనియా మ్యాచే, 2023 ఫిబ్రవరి 11, డ్యూక్‌తో. 58-58 దగ్గర డ్యూక్ ఆటగాడు కైల్ ఫిలిపౌస్కీ ఆఖరి క్షణంలో బుట్ట వైపు లేచాడు, మావాడు తగిలాడు, ఈల పడింది. రెండు ఫ్రీ త్రోలు, ఒక్కటి పడినా డ్యూక్ గెలిచినట్టే. రెఫరీలు మానిటర్‌లో చూసి, దెబ్బ తగిలింది సమయం అయ్యాక కాబట్టి ఫౌల్ లేదన్నారు. ఓవర్‌టైమ్‌లో మేం 69-62తో గెలిచాం.

అదే రోజు ఏసీసీ (మా రెండు జట్లూ ఆడే కాన్ఫరెన్స్) ప్రకటన వచ్చింది. నియమాన్ని తప్పుగా అన్వయించారని, ఫ్రీ త్రోలు ఇవ్వాల్సిందని. బంతి సమయంలోపే చేతిలోంచి వెళ్ళి, షాట్ వేసిన ఆటగాడు ఇంకా దిగకముందే అతని మీద ఫౌల్ చేస్తే, సమయం అయిపోయినా అది ఫౌలే. వీడియో సరిగ్గానే ఉంది, కళ్ళూ సరిగ్గానే చూశాయి. పుస్తకం గుర్తుకు రాలేదు. ఒప్పుకుని ప్రకటన ఇచ్చారు, అది మాత్రం నాకు నచ్చింది.

చారలచొక్కా · 27 మార్చి 2025

అందరూ చెప్పినవీ చదివాను. నా వైపు నుంచి కొంచెం వివరంగా రాస్తాను.

ముగ్గురు రెఫరీలుంటే, ఆఖరి షాట్ బాధ్యత టేబుల్‌కి ఎదురు పక్కనున్న వాడిది. మ్యాచ్‌కి ముందు గదిలో కూర్చుని ఇది మాట్లాడుకుంటాం. అతని కళ్ళు షాట్ వేసేవాడి వేళ్ళ మీద ఉండాలి, బంతికీ వేళ్ళకీ మధ్య సందు పడే క్షణం కోసం. చెవులు హారన్ కోసం. బోర్డు చుట్టూ ఎర్ర లైట్లు ఉంటే అవి కంటి కొసన. అదే కళ్ళతో, డిఫెండర్ చెయ్యి మణికట్టు మీద పడిందా అన్నదీ చూడాలి. ఆటగాడు కిందికి దిగేదాకా అతన్ని వదలకూడదు. బంతి పడిందా లేదా అని తలెత్తి చూశామంటే పని చెడినట్టే. జనం అరుపులకి హారన్ చాలాసార్లు వినపడదు.

నాలుగేళ్ళ కిందట ఒక హైస్కూల్ జిమ్‌లో లైట్లు లేవు, మానిటర్ లేదు. నేను లెక్కలోకి తీసుకున్న షాట్ ఆలస్యమైనదని మర్నాడు ఒక తండ్రి తీసిన వీడియో చూసి తెలిసింది. ఆ పిల్లల కోచ్‌కి ఫోన్ చేసి చెప్పాను. అతను కాసేపు మాట్లాడకుండా, తర్వాత థాంక్స్ చెప్పి పెట్టేశాడు. నా సీజన్‌లో అది అన్నిటికన్నా కష్టమైన ఫోన్.

ఇక నర్సన్నా, ట్రావెలింగ్ కోసం వెనక్కి చూద్దాం అనుకో. క్వీన్ అడుగులు చూస్తాం. అదే వీడియోలో డిఫెండర్ చెయ్యి అతని నడుము మీద కనిపిస్తే? దానికి ముందు ఇంకెవరో ఎవరి చొక్కానో లాగుతూ కనిపిస్తే? ఎక్కడ ఆపాలి? 2005లో కెంటకీ ఆటగాడు ప్యాట్రిక్ స్పార్క్స్ కాలు మూడు పాయింట్ల గీత మీద ఉందా వెనక ఉందా అన్న ఒక్క ప్రశ్నకి రెఫరీలు నిమిషాల తరబడి తెర ముందే నిలబడ్డారు. అది కదలని గీత, ఒక బూటు. డ్రిబుల్ ఏ క్షణంలో ముగిసింది అన్న దానికి గీత కూడా లేదు.

నేను కోరేది వేరు. అమెరికా ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏలో 2015 నుంచి, హోరాహోరీగా ముగిసిన మ్యాచ్‌ల ఆఖరి రెండు నిమిషాల్లో ఊదిన ప్రతి ఈల, ఊదాల్సి ఊదని ప్రతి ఈల మర్నాడు ప్రకటిస్తారు. సరైనది సరైనదని, తప్పు తప్పని. కాలేజీ ఆటలో అలాంటిది లేదు. కాన్ఫరెన్సుకి మనసైతే ప్రకటన, లేకపోతే మౌనం. కాలేజీ రెఫరీలు ఎక్కువమంది జీతగాళ్ళు కాదు, ఆటకింత అని ఒప్పందం మీద పనిచేస్తారు. ఒకే వారంలో వేర్వేరు కాన్ఫరెన్సులకి వేర్వేరు ఊళ్ళు తిరుగుతారు. ఒకచోట వచ్చిన దిద్దుబాటు ఇంకోచోటికి చేరాలంటే అది బహిరంగంగా ఉండాలి. రెఫరీలని ఇబ్బంది పెట్టడానికి కాదు, నాలాంటివాళ్ళు నేర్చుకోవడానికి.

కృష్ణారావు_పీడీ · 27 మార్చి 2025

చొక్కాబాబూ, కోచ్‌కి ఫోన్ చేశావు చూడు, ఆ పని నేను ఆరోజు చేయలేకపోయాను.

శ్రీకర్_బాల్టిమోర్ · 28 మార్చి 2025

అంతా నాన్నకి చదివి వినిపించాను. గంట కథ రెండుసార్లు చదివించుకున్నారు. ఆయన మాట: "జట్లని అడగనివ్వండి. ఒక్కసారి అడిగే హక్కు ఇచ్చి, అడిగింది మాత్రమే చూడమనండి."

దివాకర్_వీడియో · 14 జూన్ 2025

ఈ చర్చని మళ్ళీ పైకి తెస్తున్నాను. శ్రీకర్, నాన్నగారికి చెప్పండి: వచ్చే సీజన్ నుంచి పురుషుల కాలేజీ ఆటలో కోచ్ ఛాలెంజ్ (రెఫరీ నిర్ణయాన్ని వీడియోలో చూడమని కోచ్ అడగడం) వస్తోంది. మహిళల ఆటలో నిరుటి నుంచే ఉంది. పురుషుల ఆటలో ఛాలెంజ్ చేయాలంటే చేతిలో టైమవుట్ ఉండాలి. మొదటిది నెగ్గితే ఇంకొకటి దొరుకుతుంది. బంతి ఎవరిని తాకి బయటికి పోయింది, గోల్‌టెండింగ్, బుట్ట కింద అర్ధచంద్రాకారపు గీతలో డిఫెండర్ నిలబడ్డాడా అన్నవే అడగొచ్చు. నర్సన్నకి 2015లో కావలసింది ఉంది. క్వీన్ అడుగులు, జెరోమ్ డబుల్ డ్రిబుల్ అందులో లేవు.

నర్సన్న_డాలస్ · 14 జూన్ 2025

పదేండ్లు లేటు. అయినా సరే, సంతోషం. మానసక్క అడిగిన దానికి మాత్రం ఏ ఛాలెంజ్ పనికి రాదు.

శ్రీకర్_బాల్టిమోర్ · 22 జూన్ 2025

నాన్న వచ్చే వారం వెళ్ళిపోతున్నారు. నిన్న ఇద్దరం చారలచొక్కా గారి వీకెండ్ టోర్నమెంట్ చూడటానికి వెళ్ళాం. పదిహేనేళ్ళ పిల్లల ఆట. రెండు పాయింట్ల తేడా, హారన్ మోగుతుండగా మూల నుంచి ఒక పిల్లాడు షాట్ వేశాడు. జిమ్ అంతా తలెత్తి బంతి వైపు చూసింది. నాన్న నా చెయ్యి నొక్కి "బంతిని కాదురా, ఆయన్ని చూడు" అన్నారు. ఆయన తలెత్తలేదు. పిల్లాడి రెండు కాళ్ళూ నేలని తాకేదాకా అలాగే చూసి, అప్పుడు రెండు చేతులూ అడ్డంగా ఊపారు. లెక్క లేదు.

బయట కారు దగ్గర నాన్న ఆయన్ని అడిగారు: "బంతి లోపల పడిందా అండీ?" ఆయన "నేను చూడలేదండి" అన్నారు.